నిప్పు చూసిన చక్రం

స్టీలు గిన్నెలు మా వాడలో అందరి ఇళ్ళకూ వచ్చాక ఆఖరున మా ఇంటికి వచ్చాయి. మా బాపు బతికున్నన్నాళ్ళూ వాటిని రేకు డబ్బాలనే అన్నాడు. మాది కంచర పని. మా తాత మహారాష్ట్ర అంచున బిలోలి పక్కన ఒక పల్లెలో బిందెలు కొట్టేవాడు. బాపు పెళ్ళయ్యాక నాందేడ్ వచ్చి, పాత ఊళ్ళో ఇంటి ముందరి గదిలోనే కొలిమి పెట్టుకున్నాడు. ఇత్తడికి సొట్టలు తీయడం, రాగికి కళాయి పెట్టడం, రెండింటికీ మెరుగు పెట్టడం, ఈ మూడు పనులతోనే అక్కనూ నన్నూ పెంచాడు. నేను నాలుగు అక్షరాలు నేర్చి జిన్నింగు మిల్లులో గుమాస్తానయ్యాను. ఆదివారాలు కొలిమి తిత్తి లాగడం మాత్రం తప్పలేదు.

ఎనభైల మొదట్లో మా పని చచ్చిపోయింది. చచ్చిపోయిందనే అంటాను, తగ్గిందని సర్దిచెప్పుకునే ఓపిక నాకు లేదు. స్టీలుకు కళాయి అక్కర్లేదు. సొట్ట పడితే పాతసామాన్ల వాడికి వేసి ఇంకోటి తెచ్చుకుంటారు. బాపు మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, కొలిమికి దండం పెట్టి, ముందరి గదిలో కూర్చునేవాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాకపోతే మా ఇంట్లో చెంబులే తెచ్చుకుని మళ్ళీ మెరుగు పెట్టేవాడు. ఒకే చెంబుకు ఒకే వారంలో మూడుసార్లు మెరుగు పెట్టిన రోజులున్నాయి. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నాకు భయమేసేది. చేతికి పని లేకపోతే ఈ మనిషి ఎక్కువ రోజులు బతకడని నాకు గట్టిగా అనిపించేది.

అలాంటప్పుడు బావ నాలుగు చక్రాలు తెచ్చాడు. బావ అంటే మా అక్క మొగుడు. సొంత కారు అద్దెకు తిప్పేవాడు. మాహూర్ అమ్మవారి యాత్రకు వెళ్ళేవాళ్ళూ, కచేరీ పనుల మీద తిరిగే షావుకార్లూ ఆయనకు గిరాకీ. బావకు అక్క మీద ఎంత ప్రేమో నేను చెప్పలేను గానీ, కారు మీద ప్రేమ మాత్రం బస్‌స్టాండు మొత్తానికి తెలుసు. ఎవరినో బొంబాయి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు అక్కడి పాతసామాన్ల బజారులో ఈ చక్రాలు కొన్నాడు. గోనెసంచులు విప్పి చూపిస్తే ఇనుము కాదు, అల్యూమినియం. మా దగ్గర చక్రాన్ని పయ్య అంటాం, అల్యూమినియాన్ని అల్మీన్ అంటాం. కాబట్టి అవి అల్మీన్ పయ్యలయ్యాయి. ఇప్పుడు పిల్లలు అలాయ్ వీల్స్ అంటున్నారు. అప్పుడు నాందేడ్‌లో ఆ మాట విన్నవాళ్ళే లేరు.

చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి. ఎవరో నల్లరంగు పూశారు, అది పొట్టు పొట్టుగా లేచింది. కింద లోహం మీద తెల్లటి పొక్కులు. ఒక చక్రం అంచు రాయికి కొట్టుకుని నాలుగు వేళ్ళ మేర లోపలికి వంగింది.

"మామా, రాగి బిందెల మొఖం చూసుకునేటట్టు చేస్తవు. గీ పయ్యలు నీకొక లెక్కనా?" అన్నాడు బావ.

కావాలంటే బొంబాయిలోనే రంగు వేయించుకుని రాగలిగిన మనిషి. బాపు చేతికి పని ఇవ్వాలనే తెచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు, బాపుకూ తెలుసు. ఆ రోజు బావ మీద నాకు కలిగినంత ప్రేమ సొంత తమ్ముడుంటే వాడి మీద కూడా కలిగేది కాదేమో. నవరాత్రులకు ముందే కావాలని చెప్పి వెళ్ళాడు. ఆ తొమ్మిది రోజులూ మాహూర్ గిరాకీ జోరుగా ఉంటుంది.

పని మొదలుపెట్టాక తెలిసింది, ఈ లోహం మా చుట్టం కాదని. రంగు పోతుందని బాపు బట్టల సోడా కాచి పోస్తే బుసబుసా పొంగి నల్లబడింది. ఇత్తడికి పనికొచ్చే చింతపండూ ఇటుకపొడీ దీని ముందు తెల్లమొహం వేశాయి. చివరికి గరుకు కాగితమే గతి. కిరసనాయిల్లో ముంచి ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. రుద్దుతుంటే చక్రం నుంచి నల్లటి పసరు లాంటిది దిగేది. అది గోళ్ళలోకి పోయిందంటే వారం దాకా వదలదు. మిల్లులో నేను కాగితాలు ముట్టుకుంటే పెద్ద గుమాస్తా తిట్టేవాడు. మా ఆవిడ ఎండబెట్టిన అప్పడాల మీద నల్ల నలుసులు పడి, రెండు రోజులు నాతో మాట మానేసింది.

మోటారుకు బిగించిన గుడ్డ చక్రం మీద మసాలా అనే మెరుగు మైనం కడ్డీ పట్టించి మెరుగు పెట్టేవాళ్ళం. పయ్య మధ్యలో ఊచల సందుల్లోకి ఆ గుడ్డ దూరదు. బాపు అక్కడ బిందె మెడకు చేసే పనే చేశాడు. సుతిలి తాడుకు మసాలా రాసి, సందులోంచి దూర్చి, ఒక కొస తను పట్టుకుని ఇంకో కొస నాకిచ్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగించాడు. ఒక్కో సందుకు ఒక్కో పూట. మూడు చక్రాలు అలా పూర్తయ్యాయి. మూడోది గోడకు ఆనించి దాంట్లో తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు బాపు. అమ్మ పోయాక ఆయన మీసం మీద చెయ్యి వెయ్యడం నేను చూడలేదు. వీధిలో పోతున్న బట్టల షావుకారు ఆగి చూసి, తన కారు చక్రాలూ ఇనుపవైనా సరే ఇలా చేసిపెడతావా అని అడిగాడు కూడా.

మిగిలింది వంగిన చక్రం. బాపు కొయ్యసుత్తితో రెండు ఆదివారాలు కొట్టాడు. అది వెంట్రుకవాసి కదిలేది, అంతే. కొట్టినప్పుడల్లా సన్నగా కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే బాపు సుత్తి ఆపి, తడిమి, మళ్ళీ ఇంకా మెల్లగా కొట్టేవాడు. పట్టుకుని కూర్చున్న నా భుజాలు పడిపోయాయి. నవరాత్రులు వారంలోకి వచ్చాయి. నాకు విసుగొచ్చింది.

"ఎన్ని దినాలు కొడ్తవ్ బాపు? కొలిమిల పెట్టరాదు?" అన్నాను.

కంచర పనిలో అది మొదటి పాఠం. ఇత్తడి గట్టిపడి మాట వినకపోతే నిప్పులో పెట్టాలి, ఎర్రబడగానే తీయాలి. అప్పుడు చెప్పినట్టు వంగుతుంది, మళ్ళీ సుత్తి దెబ్బలతో గట్టిపడుతుంది. నాకు నడక రాకముందు నుంచీ చూస్తున్నదే. కానీ బాపు ఒప్పుకోలేదు. ఇది మనకు తెలిసిన లోహం కాదు, దీని సంగతి ఎవరినైనా అడుగుదామన్నాడు. లోహం లోహమే కదా అని నేను గదిమాను. అవును, గదిమాను. ఆయన చేత పని చేయించేవాళ్ళలా మాట్లాడాను. ఆయన నా మొహం చూసి బొగ్గులు సర్దాడు.

తిత్తి నేనే లాగాను. బాపు పటకారు పట్టుకుని ఎరుపు కోసం చూస్తున్నాడు. ఎరుపు రాలేదు. అల్యూమినియం కరిగిపోయేదాకా ఎర్రబడదని మాకెవరు చెప్పాలి? ఇంకా లాగు అన్నాడు, లాగాను. ఉన్నట్టుండి అంచు ఒక పక్క జారినట్టు కదిలింది. బాపు చటుక్కున తీసి దిమ్మ మీద పెట్టి కొయ్యసుత్తి ఆనించాడు. రెండు ఆదివారాలు వినని అంచు మైనంలా లేచి వచ్చింది. నీళ్ళు పోసి చల్లార్చాం. నేను గెలిచినట్టు నవ్వాను.

మెరుగు పెట్టాక నాలుగింటిలో అదే అన్నిటికంటే బాగా మెరిసింది. మా ఇంట్లో ఏ పనైనా గడప దాటేముందు వేలి కణుపుతో కొట్టి మోత వినడం ఆచారం. బాపు నాలుగూ కొట్టాడు. మూడు గంటల్లా మోగాయి. నాలుగోది పచ్చికుండలా టప్పుమంది. బాపు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

"దీని గొంతే గిట్లున్నట్టుంది" అన్నాడు. ఆ మాట నాకు చెప్పలేదు, తనకు తాను చెప్పుకున్నాడు. నేను విననట్టు గోనెసంచి కట్టాను.

చక్రాలకు టైర్లు ఎక్కించడానికి బావా నేనూ టైరు దుకాణానికి వెళ్ళాం. దుకాణం ఆయన పెద్ద వయసు సాయిబు, హైదరాబాద్‌లో మిలిటరీ బండ్ల దగ్గర పనిచేసి వచ్చినవాడు. బావ చక్రాలకు కట్టడానికి నిమ్మకాయలు తెస్తానని చౌరస్తా వైపు వెళ్ళాడు. సాయిబు మూడు చక్రాలకు టైర్లు ఎక్కించి, నాలుగోది చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. సరిచేసిన అంచు మీద బొటనవేలు రాశాడు. తర్వాత నా వైపు చూసి, "ఇస్కు ఆగ్ దిఖాయే క్యా?" అని అడిగాడు. దీనికి నిప్పు చూపించారా అని.

బావ వస్తున్నాడేమోనని నేను చౌరస్తా వైపు చూశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇది పోత పోసిన అల్మీన్, నిప్పు చూస్తే లోపల ప్రాణం పోతుంది, పైకి మాత్రం ఏమీ కనపడదు, చూపించి ఉంటే చెప్పు, దీన్ని పక్కన పడేసి పాత ఇనుప చక్రమే బిగిస్తాను అన్నాడు. అవునంటే ఏమవుతుంది? బావకు తెలుస్తుంది. బాపు ఇంట్లో కూర్చుని మేం ఎప్పుడొస్తామా, కారు ఎలా ఉంటుందో ఎప్పుడు చూస్తానా అని గడప వైపు చూస్తూ ఉన్నాడు. నెలల తర్వాత దొరికిన పని, అల్లుడి పని, ముసలాడు పాడుచేశాడని ఊరంతా అంటుంది. ఆ షావుకారు మళ్ళీ మా గడప తొక్కడు. అసలు నిప్పులో పెట్టమన్నది నేనేనన్న మాట అప్పుడు నా బుర్రలో ఎంత పెద్దగా ఉందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. ఉందని మాత్రం చెప్పగలను.

"నై" అన్నాను.

సాయిబు ఇంకొకసారి చూసి టైరు ఎక్కించాడు. ఆ చక్రం ముందర ఎడమ పక్కకు పోయింది. బావ నిమ్మకాయలు కట్టి, కారు తెచ్చి మా గడప ముందు ఆపాడు. బాపు బయటికొచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వాడంతా వచ్చి చూసింది. ఆ సాయంత్రం బాపు కడుపునిండా అన్నం తిన్నాడు.

నవరాత్రుల్లో ఏడోరోజు, బావ నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని మాహూర్ తీసుకెళ్ళి దర్శనం చేయించి తిరిగి వస్తున్నాడు. ఘాటు రోడ్డు దిగేచోట మలుపులో ఎడమ ముందు చక్రం విరిగింది. కారు రోడ్డు కింది మోరీ గోడకు కొట్టుకుని పక్కకు పడింది. బావకు మెడ కింది ఎముక విరిగింది. ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ అక్కడికక్కడే పోయింది. మనవరాలి మొక్కు తీర్చడానికి వచ్చిందట. ఆమె మొహం నేను చూడలేదు. చూడకపోవడం వల్ల ఇన్నేళ్ళలో నాకు ఒరిగింది ఏమీ లేదు, కళ్ళు మూసుకుంటే ఎవరో ఒక ముసలమ్మ మొహం వస్తూనే ఉంటుంది.

పోలీసులు రాసింది వేరు. డ్రైవరు వేగంగా తోలి మోరీకి కొట్టాడు, ఆ దెబ్బకు చక్రం విరిగింది, అని. ముందు చక్రం విరిగింది, తర్వాతే బండి నా చేతి నుంచి పోయింది, అని బావ ఆస్పత్రి మంచం మీది నుంచి చెబుతూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు. చక్రం ముందు విరిగిందా వెనక విరిగిందా అన్నదాని మీదే ఆయన జైలూ ఆయన లైసెన్సూ ఆధారపడ్డాయి. ఆ జవాబు ఊళ్ళో ఇద్దరికే తెలుసు, బాపుకూ నాకూ.

బాపు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, స్టేషను ఆవరణలో పడి ఉన్న కారును చూసి వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత, విరిగినచోట లోహం చక్కెర పలుకుల్లా ఉందని, అది దెబ్బకు విరిగింది కాదని, లోపల చచ్చి విరిగిందని చెప్పాడు. కోర్టులో చెబుతానన్నాడు. వద్దన్నాను. ఈ వయసులో నువ్వు జైలుకు పోతే అక్కకు పుట్టిల్లు కూడా లేకుండా పోతుందన్నాను. బావకు వకీలు ఉన్నాడు, ఎట్లాగూ బయటపడతాడన్నాను. నెలల తరబడి రోజూ ఇదే వాదన. టైరు దుకాణంలో సాయిబు అడిగిన సంగతి మాత్రం బాపుకు చెప్పలేదు. కక్కలేక మింగలేక నేను పడ్డ అవస్థ గురించి రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది, రాయను.

తీర్పుకు ముందు వాయిదా తాలూకా కోర్టులో. చిన్న గది. బావ ఒక పక్క నిలబడ్డాడు. అక్కా, బాపూ, నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాం. వకీళ్ళ మాటలు అయిపోయి, జడ్జి గారు కాగితం మీద ఏదో రాసుకుంటుండగా బాపు లేచి నిలబడ్డాడు. జవాను కూర్చోమన్నాడు. బాపు కూర్చోలేదు. చేతులు జోడించి ముందుకు నడిచాడు. జడ్జి గారు తలెత్తి, ముసలాయన్ని చెప్పనివ్వండి అన్నారు.

బాపు ముప్పై ఏళ్ళు నాందేడ్ బజారులో మరాఠీ మాట్లాడాడు. కానీ ఆయనకు మరాఠీలో బేరం చెయ్యడం వచ్చు, తప్పు ఒప్పుకోవడం రాదు. నోరు తెరిస్తే తెలుగే వచ్చింది.

"సాబ్, పయ్యను నేను నిప్పుల పెట్టిన. పని రాక పెట్టిన. అది అందుకే ఇరిగింది. నా అల్లుని తప్పేం లేదు, నన్ను పట్టుకోండ్రి."

నా పేరు ఎత్తలేదు. తిత్తి లాగిన నన్నూ, పెట్టమని గదిమిన నన్నూ పక్కకు తోసి మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు. జడ్జి గారికి తెలుగు రాదు. ఏమంటున్నాడు, ఈయన తాలూకు ఎవరు, అని అడిగారు. జవాను నా వైపు చూపించాడు. లేచి బాపు పక్కకు వెళ్ళాను. గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ఒకసారి చుట్టూ చూశాను. ఆ చూపుకు ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేదు. బాపు జైలుకు పోతాడన్నది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు భయం వేరు. ఈ మాట ఇక్కడ బయటపడితే రేపు పోలీసులు టైరు దుకాణానికి వెళ్తారు. నేను అడిగాను, వాడు లేదన్నాడు, అని సాయిబు చెబుతాడు.

"జావయీ చాంగ్లా మాణూస్ ఆహే, దయా కరా, అసా మ్హణ్‌తాత్ సాహెబ్" అన్నాను. అల్లుడు మంచివాడు, దయ చూపండి, అంటున్నాడని.

జడ్జి గారు తల ఊపి రాసుకున్నారు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినవాళ్ళు నలుగురమే ఉన్నాం. నేను, బాపు, అక్క, ఇంకా అక్కడ నిలబడి ఉన్న బావ. బాపు మెల్లగా నా వైపు తిరిగాడు. కోపం లేదు. కొట్టి విన్న లోహం మోత తేడాగా ఉన్నప్పుడు చూసినట్టు చూశాడు. జోడించిన చేతులు దించి, వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను బావ వైపు చూశాను. చక్రం ఎందుకు విరిగిందో ఆయన మొదటిసారి తెలుసుకున్నది అక్కడే, ఆ నిమిషంలోనే. దాన్ని నేను పూడ్చిపెట్టడమూ ఆ నిమిషంలోనే చూశాడు. ఆయన నోరు తెరిచి మరాఠీలో ఒక్క మాట చెబితే చాలు. వకీలు పక్కనే ఉన్నాడు. ఆయన బాపును చూశాడు, తర్వాత కిటికీ వైపు తిరిగాడు. ఏమైనా చెప్పుకునేది ఉందా అని జడ్జి గారు అడిగితే లేదన్నాడు.

పది నెలలు శిక్ష పడింది. లైసెన్సు పోయింది. బాపు ఆ రోజు నుంచి కొలిమి వెలిగించలేదు. కోర్టు సంగతి నాతో ఎత్తలేదు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, పిలవకపోతే లేదు. బావ విడుదలై వచ్చి కాళ్ళకు మొక్కితే బాపు ఏదో చెప్పబోయాడు. బావ చెప్పనివ్వకుండా వానల గురించీ పత్తి గురించీ మాట్లాడుతూ కూర్చున్నాడు. ఆ చలికాలమే బాపు పోయాడు.

జైలు నుంచి వచ్చిన ఆ రోజు బావ ఇంట్లో అందరినీ పలకరించి ఆఖరున నా దగ్గరికి వచ్చాడు. "బరా ఆహేస్ కా?" అన్నాడు. బాగున్నావా అని. తెలుగు మనిషి తెలుగు ఇంట్లో బామ్మర్దిని మరాఠీలో పలకరించాడు. పొరపాటున వచ్చిందనుకున్నాను. కాదు. అక్కతో తెలుగు, మా ఆవిడతో తెలుగు, నా పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగు. నాతో మాత్రం మరాఠీ. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఆస్పత్రుల్లో, పక్కపక్కన కూర్చుని తిన్న ప్రతి పంక్తిలో. ఏనాడూ గొంతు పెంచలేదు, మాట తూలలేదు. కచేరీలో తెలియని మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడేవాడు.

బావ చివరి జబ్బులో మంచం పట్టినప్పుడు, అక్క బయటికి వెళ్ళిన సమయం చూసి ఆయన పక్కన కూర్చున్నాను. బావా, కొలిమిలో పెట్టమన్నది నేను, సాయిబు అడిగితే లేదన్నది నేను, కోర్టులో మాట మార్చింది నేను, అని తెలుగులో మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు తెరిచి నన్నే చూస్తూ విన్నాడు.

"కాయ్ మ్హణాలాస్?" అని అడిగాడు. ఏమన్నావు అని.

మళ్ళీ మొదటి నుంచి మరాఠీలో చెప్పాను. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట మార్చకుండా. అంతా విని, "మాహీత్ ఆహే" అన్నాడు. తెలుసు అని. తర్వాత దిండు కొంచెం పైకి జరపమన్నాడు, జరిపాను. ఆ తర్వాత రెండు వారాలు బతికాడు. నేను రోజూ వెళ్ళాను, రోజూ మాట్లాడాడు, మరాఠీలోనే.